రాముడి కుండలో మా ఇంటి పిడికెడు

ముత్యాలమ్మ ఎవరని మా కాంపులో ఎవరిని అడిగినా రెండు మాటలు చెబుతారు. గడ్డి కోసి బతికేదని ఒకటి, రాముడి బియ్యంలో తప్పు చేసిందని ఒకటి. రెండో మాట వినబడ్డప్పుడల్లా నేను తల దించుకుంటాను. ఎందుకు దించుకుంటానో చెప్పడానికే ఇప్పుడు నోరు విప్పుతున్నాను. విన్నాక నన్ను తిట్టుకుంటే తిట్టుకోండి, మధ్యలో మాత్రం అడ్డు రావద్దు.

నా పేరు పాపమ్మ. తోటలో కూలీల మీద పెత్తనం చేసే సర్దారు అప్పన్న పెళ్ళాన్ని. ఈ దీవిలో బెల్ ఎయిర్ రివియేర్ సెష్ అనే ఊరు దాటాక చెరకు తోటల మధ్యలో మా ఇళ్ళు. కూలీల ఇళ్ళ వరసను ఇక్కడ కాంపు అంటారు. మా తాతలు కోరంగి రేవులో ఓడెక్కి వచ్చారు కాబట్టి మిగతావాళ్ళకి మేం కొరంగీలం. ఇరవై రెండు గడపలు మావాళ్ళవే. నా నోరు మంచిది కాదని ఇరవై రెండు గడపలకీ తెలుసు.

ముత్యాలమ్మది చివరి గది. ఓడలో తల్లి ఒళ్ళో పడుకుని వచ్చిందట. పెళ్ళయిన నాలుగేళ్ళకే మొగుడు చలిజ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. పొద్దున్నే కొడవలి పట్టుకుని గట్ల వెంట గడ్డి కోసి, ఆవులున్న ఇళ్ళకి మోపులు వేసి, వాళ్ళిచ్చిందేదో తెచ్చుకునేది. పొట్టి మనిషి. గడ్డి మోపు కింద మనిషి కనబడేది కాదు, మోపుకి కాళ్ళు వచ్చినట్టుండేది. పెళ్ళిళ్ళకి ఎవరూ పిలిచేవాళ్ళు కాదు. పిలిచినా పందిరి బయటే నిలబడి, అన్నం పెడితే తిని వెళ్ళిపోయేది. భజనలో కూర్చుంటే ఒక్క పాట సరిగా రాదు, చప్పట్లు కూడా తాళం తప్పి కొట్టేది. మేం నవ్వేవాళ్ళం, తనూ నవ్వేది.

అయినా రాముడి కుండ ఆమె చేతిలో ఉండేది. ఆ కుండ సంగతి చెప్పాలి. మా వరస చివర గడ్డి కప్పిన భజన పాక ఉంది. ప్రతి శుక్రవారం ఒక మనిషి కుండ పట్టుకుని గడప గడపకీ వస్తే ఇంటికొక పిడికెడు బియ్యం వేయాలి. శనివారం దీపాలవేళ అందులో కొంత వండి రాముడికి నైవేద్యం పెడతారు, తలా ఒక ముద్ద తింటాం. మిగిలిన బియ్యం మా పిల్లలకి అక్షరాలు దిద్దించే రామదాసు పంతులుగారికి వారం తిండి. ఇందులో నియమం ఒకటే. పచ్చి బియ్యమే వేయాలి. ఉప్పుడు బియ్యం ఒకసారి ఉడికినవి, వాటిని మళ్ళీ ఉడికించి దేవుడికి పెడితే ఎంగిలి పెట్టినట్టేనని పెద్దల మాట. మాకు ఎస్టేటు కొలిచి ఇచ్చేవేమో ఉప్పుడు బియ్యమే. పసుపుపచ్చగా, లావుగా, రాళ్ళలా ఉంటాయవి. అందుకని ప్రతి ఇల్లాలూ చీనా కొట్టులో కాసిని తెల్ల బియ్యం కొని, రాముడి కోసమని గుడ్డలో కట్టి వేరే పెట్టుకునేది.

ఆ కుండ ఎవరు మోయాలన్న మాట వచ్చినప్పుడు సన్యాసి తాత ముత్యాలమ్మ పేరు చెప్పాడు. తాత మా అందరికీ పెద్ద. విధవ చేతికా అని ఎవరో సణిగితే, "రాముడికి కావల్సింది బొట్టున్న సెయ్యి కాదు, దొంగబుద్ది నేని సెయ్యి" అన్నాడు. శుక్రవారం ముత్యాలమ్మను చూడాలి. తలంటు పోసుకుని, ఉన్న ఒక్క తెల్లచీరా కట్టుకుని, కుండ చంకనెత్తుకుని వచ్చేది. మిగతా ఆరు రోజులూ ఆమె ఎదురొస్తే పక్కకి తప్పుకునేవాళ్ళు ఆ రోజు గుమ్మంలో నిలబడి ఆమె కోసమే చూసేవాళ్ళు. ఆమెకి లోకంలో ఉన్న గౌరవమంతా ఆ ఒక్క కుండే. ఈ సంగతి నాకప్పుడూ తెలుసు. తెలియక చేశానని అనలేను.

ఇక నా గొప్ప వినండి. మా ఇంట్లో రోజూ తెల్లన్నమే అని కాంపంతా పేరు. మా ఆయన సర్దారు అయిన కొత్తలో ఒకసారి పదిమందిలో, "మా ఇంట్లో ఉప్పుడన్నం ముట్టుకోరు" అనేశాడు. అన్నాడు, పోయాడు. వండాల్సింది నేను. రోజూ చీనా కొట్టు తెల్ల బియ్యం వండాలంటే సర్దారు జీతం కాదు, దొరగారి జీతం కావాలి. యుద్ధం వచ్చి ఓడలు ఆలస్యమైనప్పటి నుంచీ అది మరీ ప్రియం. అలాగని ఉప్పుడన్నం పెడితే ఆయన పరువు పోతుంది. ఆయన పరువంటే నా పరువే కదా. అందుకని కలపడం నేర్చుకున్నాను.

ఊరికే రెండూ కలిపితే అన్నం కాదు. ఒకటి మెత్తబడి జావలా అవుతుంది, ఇంకోటి పంటికింద కటకటమంటుంది. నా పద్ధతి వేరు. ఎస్టేటు బియ్యాన్ని కొంచెం ఊకతో కలిపి రోట్లో పోసి మళ్ళీ దంచేదాన్ని. పైనున్న పసుపు పొర రాలి, గింజ సన్నబడి, సగం తెలుపుకి వస్తుంది. చెరిగి, ఎండబెట్టి, రెండు పాళ్ళ వాటికి ఒక పాలు తెల్లవి కలిపేదాన్ని. ఆ తెల్లవి పాత బియ్యమే అయి ఉండాలి. కొత్తవి తొందరగా చిమిడిపోతాయి, పాతవైతే ఉప్పుడు గింజతో సమానంగా ఉడుకుతాయి. ఎసట్లో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండి, గంజి బొట్టు లేకుండా వార్చి, కాసేపు మూత వేసి ఉంచితే అన్నం మల్లెపువ్వే. మా ఆయన కూడా కనిపెట్టలేదు. పక్కింటి వసంతి ఒకసారి మా ఇంట్లో తిని, "అత్తా, మీ అన్నం ఎంత ప్రోప్‌గా ఉంటాది" అని నెలరోజులు చెప్పుకుంది. ప్రోప్ అంటే ఇక్కడి మాటలో శుభ్రం. పైన పటారం, లోన లొటారం.

ఈ పని ప్రతి లక్ష్మివారం మధ్యాహ్నం, మగవాళ్ళంతా తోటలో ఉన్నప్పుడు, తలుపేసుకుని చేసేదాన్ని. రోకలి చప్పుడు దాచలేం కదా. ఎవరైనా అడిగితే పిండి దంచుతున్నానని చెప్పేదాన్ని. సర్దారింట్లో వారం వారం పిండివంటలట అని ఇంకో గొప్ప దానంతటదే పుట్టింది. కాదని నేను అనలేదు.

ఇంత చేసే దాన్ని రాముడి కోసం ఒక గుప్పెడు తెల్లవి వేరే ఉంచలేకపోయానా అంటారు. ఉంచవచ్చు. కాని అవి తీసేస్తే నా కలుపులో తెలుపు తగ్గేది. మొదటి వారం, ఈ ఒక్కసారికి అనుకుని, కలిపిన జాడీలోంచే పిడికెడు తీసి కుండలో పోశాను. గుండె కొట్టుకుంది. ఏమీ కాలేదు. రెండో వారం అంత కొట్టుకోలేదు. ఇరవై రెండు పిడికిళ్ళలో నా పిడికెడు ఎంత, అందులో ఉప్పుడు గింజలెన్ని, రాముడు కూర్చుని ఏరతాడా అనుకున్నాను. అలా రెండేళ్ళు గడిచాయి.

ఒక శుక్రవారం సాయంత్రం చేట అడగడానికి ముత్యాలమ్మ గదికి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. ఆమె చాప మీద రాముడి బియ్యం పోసుకుని, తల వంచుకుని, గింజా గింజా ఏరి పక్కనున్న చిన్న ముంతలో వేస్తోంది. నా నీడ పడేసరికి గబుక్కున చీర కొంగు తీసి ముంత మీద కప్పింది. మొహం నల్లబడిపోయింది.

"ఏటక్కా అది?" అన్నాను.

"ఏటీ నేదమ్మీ. మట్టిబెడ్డలు" అంది, నా వైపు చూడకుండా.

మట్టిబెడ్డలకి కొంగు కప్పుతారా? నేను చేట కూడా అడగలేదు. వెనక్కి తిరిగి వచ్చేశాను. దారిలో వసంతి కనబడితే చెప్పాను. బావి దగ్గర వెంకటమ్మకి చెప్పాను. రాముడి బియ్యం ముంతలోకి పోతోంది, కళ్ళారా చూశానని చెప్పాను. పొద్దుగూకేలోగా నేను చెప్పనివాళ్ళకి కూడా తెలిసింది. నిజం చెప్పాలంటే నాకు లోపల సంతోషం వేసింది. దొంగబుద్ధి లేని చేయి అని తాత అన్న చేయే దొంగదైతే, నా పిడికెడు అంత పెద్ద తప్పు కాదనిపించింది. అప్పుడు అలా అనుకున్నానని ఒప్పుకోవడానికి నాకిప్పుడు సిగ్గుగా ఉంది.

శనివారం భజన మొదలవక ముందే సన్యాసి తాత ముత్యాలమ్మను పిలిపించాడు. పాకలో ఆడా మగా అందరూ ఉన్నారు. పంతులుగారు పీట మీద కూర్చుని నేల చూస్తున్నారు.

"బోన్, సరే. ముత్తేలమ్మా, సర్దారు పెళ్ళాం ఒక మాట అంతంది. రాముడి బియ్యంలోంచి ముంతలోకి తీత్తన్నావంట. నిజమేనా?"

"తీసేను తాతా."

పాకంతా గుసగుసలు. తాత చెయ్యెత్తి ఆపాడు. "ఆ ముంత అట్టుకురా."

ఆమె వెళ్ళి తెచ్చింది. తాత దాన్ని అరిటాకు మీద బోర్లించాడు. రెండు పిడికిళ్ళ బియ్యం. అందరూ ముందుకి వంగారు. ఒక్క తెల్లగింజ లేదు, అన్నీ ఉప్పుడు గింజలే. ఇంటింటా మూలుగుతున్న ఎస్టేటు బియ్యం ఎవరు దొంగిలిస్తారు? తాత నుదురు చిట్లించాడు.

"ఇయి దొంగబియ్యమేటే? ఇయి ఉప్పుడివి గదా."

"అవును తాతా. కుండలో కలిసొచ్చేయి. రాముడికి పనికిరావని ఏరేను. ఏరినాటికి బదులు నా తెల్లయి ఏసేను. ఇయి నాను వండుకుంతాను."

గుడ్లప్పగించి చూస్తున్న నాకు అప్పుడు కనబడింది. ఆ గింజలు సన్నగా ఉన్నాయి. పొర పోయి, అంచులు అరిగి, సగం తెలుపులో ఉన్నాయి. నా రోట్లో దంచిన గింజలు. నా చేతిలో వందసార్లు ఆడినవాటిని నేను పోల్చుకోలేనా?

"ఎవులింటివి?" అన్నాడు తాత.

"కలిసిపోయినాక ఎవులివని సెప్పను తాతా."

తాత నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని దీపం దగ్గర పెట్టి చూశాడు. "ఇయి మళ్ళీ దంచినట్టున్నాయి. ఉప్పుడు బియ్యాన్ని మళ్ళీ దంచుతారేటి ఎవులైనా?"

నేను కొంగుతో మొహం తుడుచుకున్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అడగకుండానే, "మా ఇంట్లో దంచేది పిండి" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే అందరూ నా వైపు తిరిగారు. వెంకటమ్మ కళ్ళు చిన్నవి చేసి చూసింది. ఇంకొక్క నిమిషం ఎవరూ మాట్లాడకపోతే అక్కడే తేలిపోయేది.

అప్పుడు ముత్యాలమ్మ అంది. "అయి నాయే తాతా. నానే దంచేను. తెల్లయి కొనడానికి నేక నా ఇంటివి దంచి కుండలో ఏసేను. తరవాత బయమేసి ఏరేసేను. తప్పయిపోయింది."

అబద్ధం కూడా సరిగా చెప్పడం రాదు దానికి. ఒక్క క్షణం కిందట తన తెల్ల బియ్యం బదులు వేశానంది, ఇప్పుడు కొనలేకపోయానంది. ఆ తేడా ఎవరికీ తట్టలేదు. తప్పు ఒప్పుకున్న మనిషి దొరికింది, అందరికీ అదే చాలు. తాత చాలాసేపు ఆమెనే చూశాడు. ఆయన నమ్మాడో లేదో నాకు తెలియదు. ఒప్పుకున్నాక శిక్ష వేయకపోతే నియమం ఉండదు. కుండ దించెయ్యమన్నాడు. ఆమె చంకలోని కుండ నెమ్మదిగా దించి, చెంగుతో దాని మూతి తుడిచి, తాత ముందు పెట్టి, పాక బయటికి వెళ్ళి నిలబడింది. నేను లోపలే కూర్చున్నాను. అందరితో పాటు రామ రామ అన్నాను.

మర్నాడు పొద్దున్నే ఆమె గదికి వెళ్ళాను. అవే గింజలు పొయ్యి మీద ఉడుకుతున్నాయి.

"ఎందుకలా చెప్పావక్కా?"

"మరేటి సెప్పాల? ఎదరే తెలుసు నాకు. పెతీ లచ్చివారం నీ రోకలి సప్పుడు ఇంతానే ఉన్నాను. పిండి దంచితే సప్పుడు యేరు, బియ్యం దంచితే యేరు. నీకు సిగ్గేత్తాదని నిన్నడగనేదు. ఆవేళ కొంగు కప్పిందీ అందుకే."

నేను గుమ్మంలోనే కూర్చున్నాను. ఆమె గరిటెతో అన్నం కలుపుతూ అంది, "నీ పేరు సెప్పితే సర్దారు నిన్ను బతకనిత్తాడేటి? పదిమందిలో తల ఎత్తుకు తిరగాల్సినోడు. నాకైతే పోడానికేటుంది?"

పొయ్యిలో పుల్ల ఎగదోసి, "ఆ కుండొకటి ఉండేది" అంది.

నేను ఏడ్చాను. ఏడుపు నిజమే. "నేనే చెబుతాను, నీ కుండ నీకిప్పిస్తాను" అన్నాను. ఆ మాట కూడా అన్నప్పుడు నిజమే.

"సెప్పమ్మీ. ఎవులు దంచేరో సెప్పక్కర్నేదు, ముత్తేలమ్మ దంచనేదని సెప్పు. అంతే సాలు నాకు."

తర్వాతి శుక్రవారం రాకముందే సన్యాసి తాత మా ఇంటికి మనిషిని పంపాడు. రాముడి కుండ ఇకనుంచి సర్దారింట్లో ఉంటుంది, తెల్లన్నం తినే ఇల్లు కాబట్టి అక్కడ కల్తీ భయం లేదు అని. మా ఆయన మీసం దువ్వుకున్నాడు. నేను వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. చెప్పలేదు. కుండ ఎత్తుకున్నాను.

మొదటి శుక్రవారం చివరి గది దగ్గరికి వెళ్ళేసరికి ముత్యాలమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. పిడికిట్లో తెల్లటి బియ్యం, ఒక్క నూక లేదు. కుండలో పోసి, "సెప్పినావా?" అని మెల్లగా అడిగింది.

"వచ్చే వారం అక్కా."

వచ్చే వారం మా ఆయనకి ఒళ్ళు బాగోలేదు. ఆ పై వారం చెరకు నరుకుళ్ళు మొదలయ్యాయి. ఆ తర్వాత దీపావళి, పండగ పూట ఎందుకని ఆగాను. సాకు కావాలంటే దొరక్కపోదు. ఆమె మూడుసార్లు అడిగింది. నాలుగోసారి అడగలేదు. పిడికెడు పోసి, కుండ వైపు కాకుండా నా మొహం వైపు చూసి, లోపలికి పోయేది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. నేను కూడా కోపంతో జవాబు చెప్పేదాన్ని, నాకది బాగా వచ్చు.

కుండ నా చేతికి వచ్చాక రాముడికని తెల్లవి వేరే ఉంచాను. నా వంట కోసం కలపడం మాత్రం మానలేదు. దాంతో రాముడి బియ్యంలో ఒక్క ఉప్పుడు గింజ కనబడలేదు. జనం ఏమన్నారో తెలుసా? చూశారా, చెయ్యి మారాక బియ్యం ఎంత శుభ్రంగా ఉందో అన్నారు. నా మంచితనమే ఆమె దొంగతనానికి సాక్ష్యమైంది. భజనలో ఆమె పాక బయటి అరుగు మీదే కూర్చునేది. చప్పట్లు తాళం తప్పి వినబడేవి. ఇప్పుడెవరూ నవ్వేవాళ్ళు కాదు.

అలా పదకొండేళ్ళు. సన్యాసి తాత పోయాడు. మా ఆయన పోయాడు. ఆ మరుసటేడు వానల్లో ముత్యాలమ్మ గడ్డి మోపుతో గట్టు మీద జారిపడి, మూడు రోజులు మంచంలో ఉండి పోయింది. ఆ మూడు రోజులూ నేనే గంజి పోశాను. ఆఖరి రోజు, "అక్కా, ఈ శనివారం చెబుతాను" అన్నాను. ఆమె కళ్ళు తెరిచి చూసింది. విన్నదో లేదో తెలియదు.

శనివారం చెప్పాను. పాకలో అందరి ముందూ లేచి నిలబడి, ఆ గింజలు నావి, దంచింది నేను, రెండేళ్ళు రాముడికి ఎంగిలి బియ్యం వేసింది నేను, ముత్యాలమ్మ తన తెల్ల బియ్యంతో నా తప్పు కప్పింది అని, ఒక్క మాట మింగకుండా చెప్పాను. మీరు దీన్ని ధైర్యమనుకోకండి. మా ఆయన లేడు, ఆయన పరువు లేదు, చెబితే నాకు పోయేదేమీ మిగల్లేదు. అందుకే చెప్పాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను.

వసంతి కళ్ళు ఒత్తుకుంది.

"అత్తా, సచ్చిపోయినదాని తప్పు నీ నెత్తినేసుకుంతన్నావా? మీ ఇంటి తెల్లన్నం ఎరగనోలు ఎవులున్నారు ఇక్కడ?"

"నిజమే వసంతీ, అది తెల్లన్నం కాదు, కలుపు. జాడీ చూపిస్తాను, రండి."

"ఊరుకో అత్తా. ముసిలమ్మకి గంజి పోసేవు, ఇప్పుడు పేరు కూడా నిలబెట్టాలని సూత్తన్నావు. దొడ్డ మనసు నీది."

వెంకటమ్మ అవునంది. పడుచు పిల్లలు తలలూపారు. నేను గొంతు పెంచి మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను. చెప్పేకొద్దీ వాళ్ళ కళ్ళల్లో నా మీద గౌరవం పెరుగుతోంది. పదకొండేళ్ళు వాళ్ళ కుండ మోసిన మనిషిని నేను. ముత్యాలమ్మ తప్పు వాళ్ళు కళ్ళారా చూసింది, చెవులారా విన్నది, ఆమే ఒప్పుకున్నది. రామదాసు పంతులుగారి వైపు చూశాను. ముసలాయన చేతులు జోడించి, "తల్లీ, ఇలాంటి క్షమ రాముడు మెచ్చుతాడు" అన్నారు.

భజన అయ్యింది. నైవేద్యం తీశారు. మొదటి ముద్ద నాకే పెట్టాలని అందరూ అన్నారు. వసంతి తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను తిన్నాను.